తొట్టిలో పోసిన తుత్తం

ఎనిమిదేళ్లుగా ఒక చెంచాడు నీలం పొడిని మోస్తున్నాను. ఎత్తుకోవడానికి క్షణం పట్టలేదు. దించడమే చేతకావడం లేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీ దగ్గర దించుతున్నాను. జాలి మాత్రం పడకండి, నాకు మండుతుంది.

ఆకివీడులో చేపల చెరువులకి మందులమ్ముతాను. మా బావ ఏలూరులో లెక్కల మాస్టారు. ముందుగదిలో ఆయనకో ఉప్పునీళ్ల గాజుతొట్టి, అందులో బతికున్న పగడాలు, నాలుగు రంగుచేపలు. నన్ను చూస్తే చాలు, "రావోయ్, బురదవైద్యుడా!" అనేవాడు. అందరి ముందూ. అక్క కాఫీ ఇస్తూ తల దించుకునేది. నేను పళ్లు కనబడేలా నవ్వేవాణ్ణి. కొరకడం ఒక్కటే తక్కువ.

ఒకసారి ఆ చేపలకి ఉప్పురవ్వ చల్లినట్టు తెల్లమచ్చలు లేచాయి. చేప ఒంటిని తిని బతికే పురుగు. ఆయన ట్రైనింగుకని మూడు రోజులు తాడేపల్లిగూడెం వెళ్తూ పని నాకప్పగించాడు. చేపల్ని పట్టి వేరే టబ్బులో వెయ్యాలి. రాగి మందు ఆ టబ్బులోనే, కొలిచి కలపాలి. పెద్ద తొట్టిని రెండున్నర నెలలు చేపల్లేకుండా వదిలేస్తే అందులో పురుగు తిండిలేక చస్తుంది. తొట్టిలో మాత్రం రాగి చుక్క పడకూడదు, పగడాలు బతకవు. రెండుసార్లు చెప్పాడు, బడిపిల్లాడికి చెప్పినట్టు.

చెరువులో చేపకి జబ్బొస్తే చేపని బయటికి తీస్తామా? నీళ్లకే వైద్యం. నా చేతికి తెలిసింది అదే. రాళ్ల సందుల్లో దూరిన చేపలు గంటసేపైనా వలకి చిక్కలేదు. ఆ రాగి మందే, నీలం మైలుతుత్తం, ఒక చెంచాడు కలిపి తొట్టిలోనే పోసేశాను. తెలియక పోశానా? రెండుసార్లు చెప్పించుకున్నవాడికి తెలియకపోవడమేమిటి? బురదవైద్యమే గెలిచిందని ఆయన నోటితో అనిపిద్దామనుకున్నాను. అదీ నిజం కాదేమో. ఆయన పగడాలు ఏమైపోతే నాకేం, అనుకున్నాను.

మర్నాటికి పగడాలు ముడుచుకుపోయాయి. తొట్టిలో ఉన్న ఒక్క రొయ్యా వెల్లకిలా పడింది. బావ ఊరినుంచి వచ్చి, చూసి, నా వైపు తిరిగాడు.

"రాగి గానీ తగిలించావా?"

"లేదండి బావగారూ. చేపలు వలకి చిక్కితేగా మందు కలపడానికి! గదంతా ఫినాయిల్ కంపు కొడుతోంది, చూడండి."

ఆయన అక్క మీద పడ్డాడు. గది తుడిచిన చెయ్యి అందులో పెట్టావా అని. లేదండీ, లేదండీ అంది. అరుపులు ఆగకపోయేసరికి, "తడిచెయ్యి తగిలిందేమోనండీ" అంది. నేను చేసింది తను ఒప్పుకుంది. వాళ్లింటి ఉప్పు తిని, వాళ్ల ఉప్పునీళ్లే పాడుచేసి, నేను కాఫీ తాగుతూ కూచున్నాను.

తొట్టిలో రాళ్లు రాగిని పీల్చుకుని, మళ్లీ మెల్లగా నీళ్లలోకి వదులుతాయి. తర్వాత బావ రెండుసార్లు కొత్త పగడాలు తెచ్చాడు, రెండుసార్లూ చచ్చాయి, రెండుసార్లూ అక్కనే తిట్టాడు. ఆ రాళ్లు పారెయ్యమని ఒక్క మాట చెబితే సరిపోయేది. నీకెలా తెలుసంటాడు కదా! అక్క ఫినాయిల్ కొనడమే మానేసింది, ఉత్త నీళ్లతో తుడుస్తుంది. తొట్టి పక్కనుంచి వెళ్లేటప్పుడు చేతులు వెనక్కి పెట్టుకుంటుంది.

వచ్చే నెల మూడోసారి తెస్తాడట.

బావంటే నాకిప్పటికీ మంటే. ఈ రాత ఆయన కోసం కాదు. తుత్తం పోసింది నేను. అక్క చెయ్యి తగల్లేదు. అక్కకి చెప్పాల్సిన ఈ రెండు మాటలూ ఇప్పుడే ఒకసారి పైకి చదివి చూశాను. గొంతు నాదే.