బోర్డు లేని పెట్టెలో తొమ్మిది సీసాలు

మా ఆవిడ మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. ఆవిడ మీద ఒట్టేసి అబద్ధమాడే ధైర్యం నాకు లేదని మా అంగడి ఉన్న కాటన్‌పేటలో ఎవరినడిగినా చెబుతారు. దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఇరవై ఏళ్ళుగా సర్క్యూట్ బోర్డులు బాగుచేస్తున్నాను. ఏ యంత్రమైనా దానంతటది కదిలిందంటే లోపలి స్విచ్చి, అదే రిలే, అతుక్కుపోయి ఉంటుందనే రకం.

ఆయుధ పూజ అయిన వారమే మా అంగడికి అసలు పండగ. యంత్రాలకు పసుపు కుంకుమ పెట్టినవాళ్ళు అవి ఆగిపోయాక నా దగ్గరికే వస్తారు. పోయినేడు హొసకోటె దగ్గర బట్టలకు రంగులద్దే ఫ్యాక్టరీ నుంచి పిలుపొచ్చింది. శుద్ధి చేసి బయటికి వదిలే నీళ్ళను గంటకొకసారి సీసాల్లోకి పట్టి, పరీక్షకు పంపేదాకా చల్లగా దాచే పెట్టె వాళ్ళకుంది. చూడ్డానికి చిన్న ఫ్రిజ్. ప్లాంటు చూసుకునే నంజప్ప దానికీ పూజ చేశాడు.

"రెండు చుక్కలు పసుపునీళ్ళు చల్లినానప్పా, అంతే. లోపల మెదడు ఉండాదని నాకేం తెలుసు?" అన్నాడు.

మెదడుకే తలంటు పోశావన్నాను. అతను నవ్వలేదు. ఇంకొక్క తప్పు చేస్తే పనిలోంచి తీసేస్తానని మేనేజరు అప్పటికే చెప్పేశాడట.

నిజంగానే ఆ పెట్టెకు బోర్డే మెదడు. లోపల ఎంత చల్లగా ఉందో సెన్సరు చెబుతుంటుంది. నాలుగు డిగ్రీలు దాటితే బోర్డు మీది రిలే టక్కుమంటుంది, కంప్రెసర్ నడుస్తుంది. గంట కాగానే బోర్డు పంపును మొదట వెనక్కి తిప్పి గొట్టంలోని పాత నీళ్ళు తోసేస్తుంది, తర్వాత కొత్త నీళ్ళు లాగుతుంది. పంపు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, కొలత సరిపోగానే ఆపి, గొట్టం మూతిని పక్క సీసా మీదికి జరుపుతుంది. బోర్డు తీసేస్తే మిగిలేది తలుపున్న డబ్బా.

నేనే సీసాలన్నీ ఒంపేశాను, ప్లగ్గు పీకాను, బోర్డు విప్పుకున్నాను, తలుపుకు తాళం వేశాను. పరధ్యానంలో తాళంచెవి కూడా జేబులో వేసుకుని కాటన్‌పేటకు వచ్చేశాను. బోర్డును స్పిరిట్‌తో కడిగి, కాలిపోయిన రిలే మార్చేసరికి రెండు రోజులు పట్టింది.

మూడో రోజు మధ్యాహ్నం మేనేజరు, నంజప్ప పక్కన నిలబడి ఉండగా తాళం తీశాను. ముఖానికి చల్లగాలి కొట్టింది. మొదటి తొమ్మిది సీసాల్లో నీళ్ళున్నాయి, అన్నింట్లో ఒకే గీత దాకా. నా థర్మామీటరు పెట్టి చూశాను. నాలుగు డిగ్రీలు. ప్లగ్గు నేను పీకినచోటే వేలాడుతోంది.

మేనేజరు సీసాల వంక చూడలేదు, నంజప్ప వంక చూశాడు. చేత్తో నీళ్ళు పోసి శాంపిల్ అని చూపించడం దొంగ లెక్కేనని, ఈ రోజే ఇంటికి పొమ్మని అన్నాడు. నంజప్ప నా వైపు తిరిగాడు.

"తాళంచెవి నీ తావనే ఉండాది గదప్పా. నేనెట్ల తాకుతాను?"

ఆ మాట నిజమేనని నేనూ చెప్పాను. ఇలాంటి తాళం హెయిర్‌పిన్నుకు కూడా వస్తుందని మేనేజరు కొట్టిపారేశాడు.

ఇక లాభం లేదని గొంతు సవరించుకున్నాను. "సార్, పంపు వెనక ఇంకో చిన్న బోర్డుంటుంది. పెద్దది పోతే అది చూసుకుంటుంది. దానికి సొంత బ్యాటరీ. ఈ మోడల్‌లో అందరికీ తెలిసిందే."

అందరికీ తెలిసింది తనకు తెలియదనిపించుకోవడం మేనేజరుకు ఇష్టం లేదు. రెండుసార్లు తలూపి, ఔను, స్టాండ్‌బై అన్నాడు. అదే మాట రిజిస్టర్లో రాయించాడు. నంజప్ప ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాడు.

ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఇందులో నేను కల్పించింది ఒక్కటే, ఆ చిన్న బోర్డు. పంపు వెనక అలాంటిదేమీ లేదు. ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక పంపు విప్పి మరీ చూశాను. నాలుగు స్క్రూలు, కాస్త దుమ్ము, అంతే. ఆ తొమ్మిది సీసాలు ఎవరు నింపారో మాత్రం నాకు ఈ రోజుకీ తెలియదు.