క్యారేజీ ఎక్కిన సిటీ బస్సు

పోయిన నెలలో నేనొక సిటీ బస్సును నడిరోడ్డు మీద ఖాళీ చేయించానండి. ధర్నా గిర్నా ఏం కాదు. మూడు గిన్నెల స్టీలు క్యారేజీ, అంతే.

మా అమ్మాయి ప్రిసిల్లాకి సిటీలో ఉద్యోగమొచ్చింది. నగరపాలక సంస్థ సొంతంగా నడిపే బస్సుల కంపెనీలో, కంట్రోల్ రూమ్. ఏ బస్సు ఎక్కడుందో స్క్రీన్ మీద చూస్తుండాలి. ఆరు నెలలు ప్రొబేషన్, ఈలోగా ఏ చిన్న తేడా వచ్చినా ఇంటికే. నేను బడి సెలవుల్లో రెడ్డిగూడెం నుంచి సంచీడు మామిడికాయలతో దిగాను. మర్నాడు పొద్దున్నే లేచి మామిడికాయ పప్పు చేసి క్యారేజీ సర్దితే, పిల్ల హడావిడిలో మర్చిపోయి వెళ్ళిపోయింది.

మా వైపు ఇదొక సమస్యే కాదు. పొద్దున బస్సులో డ్రైవర్ సీటు వెనక పది క్యారేజీలుంటాయి, నూజివీడులో చదివే పిల్లలకి తల్లులు పంపేవి. కాలేజీ దగ్గర మావాడు తీసుకుంటాడు బాబూ అంటే డ్రైవర్ తలూపుతాడు. తలూపాడంటే చేరినట్టే.

ఇంటి ముందు స్టాపులో ఆ కంపెనీ బస్సే ఆగింది. ఎక్కి, అద్దాల క్యాబిన్‌లో ఉన్న డ్రైవర్‌కి సంగతి చెప్పాను. తలూపాడు. క్యారేజీ క్యాబిన్ పక్కన పెట్టి దిగిపోయాను. ఆ అద్దంలోంచి ఆయనకి ఒక్క ముక్కా వినపడలేదని, లోపలికి జరగమని తలూపాడని సాయంత్రం తెలిసింది.

ప్రిసిల్లాకి ఫోన్ చేసి గొప్పగా చెప్పాను.

"ఏ బస్సమ్మా?"

"ఆకుపచ్చది."

"అన్నీ ఆకుపచ్చవేనమ్మా," అని ఠక్కున ఫోన్ పెట్టేసింది.

ఎందుకంటే అప్పటికే ఆమె స్క్రీన్ మీద ఒక బస్సు ఆగిపోయి ఉంది. ఎవరిదో తెలియని స్టీలు డబ్బా ఉందని జనాన్నంతా దించేశారు. ఆఫీసరు గారు పోలీసులకి ఫోన్ చెయ్యబోయారు. నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుంది. అయినా పిల్ల లేచి నిలబడి, అది నా భోజనం సార్, మూత మీద మా అమ్మ పేరుంటుంది, చదివించండి అందట. డ్రైవర్ మళ్ళీ బస్సెక్కి చదివాడు: సుజాత, రెడ్డిగూడెం. కంట్రోల్ రూమ్ మొత్తం స్పీకర్లో వింది.

సాయంత్రం ఆఫీసరు గారు నన్ను పిలిపించారు. నా వల్ల పిల్ల బతుకు పాడైందని దారంతా ఏడుపే. తప్పు నాదండి, దాన్ని తీసెయ్యకండి అని చేతులు జోడించాను.

ఆయన, "మీ అమ్మాయి దాచకుండా చెప్పింది కాబట్టి బస్సు కదిలిందమ్మా. ఉద్యోగానికేం కాదు. కాకపోతే చిన్న పని అప్పగించాను," అన్నారు.

ఆ పని ఇప్పుడు సిటీలో ప్రతి బస్సులోనూ వినిపిస్తోంది. మా ప్రిసిల్లా గొంతే: "దయచేసి భోజనం క్యారేజీలను బస్సులో పెట్టి దిగిపోకండి."

ఊరొచ్చాక చర్చిలో అందరికీ చెప్పుకున్నాను, మా అమ్మాయి గొంతు సిటీ అంతా మోగుతోందని. ఏం చెప్తోందండీ అని పాస్టరమ్మగారు అడిగారు. ప్రయాణికుల క్షేమం గురించి అన్నాను.