కనకరాజు వంతు

నాచారం నూలు మిల్లు రొదలో పనిచేసినవాళ్ళకి నెమ్మదిగా మాట్లాడటం రాదు. కనకరాజుకి అసలే రాదు. ఇంట్లో ఉప్పు అడిగితే వీధి చివరికి వినబడేది. అలాంటి మనిషిని మా నాటకాల గుంపులోకి లాక్కొచ్చింది త్రిపురసుందరి మేడం. ఆవిడ రిటైరైన ఇంగ్లీషు టీచరు. ఏనాటివో గ్రీకు హాస్య నాటకాల్ని తెలుగు చేసి, ఆదివారం సాయంత్రాలు ఉప్పల్‌లో తన మేడ మీది గదిలో మాచేత పైకి చదివించేవారు. నాలాంటి గుంటూరు గుమాస్తాకి అదో కాలక్షేపం.

ఆ నాటకాల్లో మధ్యలో ఒక గుంపు కథ ఆపేసి, చూసేవాళ్ళనే తిడుతుంది. ఆ గుంపు నాయకుడి వేషం కనకరాజుది. కాగితంలో ఉన్నది సగం, సొంతం సగం.

"ఏంది, గట్ల నోళ్ళు తెర్సుకొని సూస్తున్రు? మిమ్ముల్నే అంటున్న!" అనేవాడు. మేం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళం.

తెలంగాణ వచ్చే ముందటి ఏడు అతని గొంతులో పుండు తేలింది. ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఇంట్లో పెదవైనా కదపడం లేదని, గోడవైపు తిరిగి పడుకుంటున్నాడని భార్య శారదమ్మ నా దగ్గర ఏడ్చింది.

"జర మీ కాడికి తోలుకొస్త సారూ. మల్ల మనిషైతడేమో."

తీసుకొచ్చి తను మాత్రం బయట మెట్ల మీద కూర్చుంది. అతని వేషం వేరేవాళ్ళకి ఇద్దామని మాతో చదివే బ్యాంకు విజయభాస్కర్ గొణిగాడు.

"ఎవరి వంతు వాళ్ళదే" అన్నారు మేడం.

కనకరాజు లేచి నిలబడ్డాడు. చూడలేక నేను కాగితంలో తల దూర్చాను. చప్పుడు లేదు. కింద వరంగల్ బస్సు హారన్ కొట్టింది. పారిపోవాలనిపించింది. అంతలో విజయభాస్కర్ నవ్వాడు. వీడికి బుద్ధుందా అనుకునేలోపు నేనూ నవ్వాను. ఎందుకంటే నాకూ వినబడింది. కాగితంలో లేని తిట్టు, అతని గొంతుతోనే. అందరం ఒకేచోట నవ్వాం, ఒకేచోట ఆగాం. ఆగాక ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

నవ్వులు విని శారదమ్మ పరుగెత్తుకొచ్చింది. "మాట్లాడిండా?"

కనకరాజు ఆమెవైపు తిరిగాడు. అతని వీపే మాకు కనబడుతోంది. అయినా "ఇంటికి పోదాం పా" అన్న మాట మాకందరికీ ఖణీమని వినబడింది. ఆమె మాత్రం అతని పెదవులకేసి చూస్తూ ఉండిపోయింది.

"ఏమంటుండు సారూ?"

చెప్పాను. చెబుతుంటే నాకు భయం కన్నా సిగ్గు ఎక్కువైంది. కట్టుకున్నదానికి వినబడనిది మాకెందుకు వినబడాలి?

ఆమె ఏడవలేదు. వచ్చి అతని పక్క కుర్చీలో కూర్చుని, చెయ్యి పట్టుకుని అతన్నీ కూర్చోబెట్టుకుంది.

"మల్ల మొదటికెల్లి సదువున్రి మేడం. నాకూ ఇనబడేదాంక సదువున్రి."