నా జీతం నాది కాదని వాదించాను

ఆదాయపు పన్ను ఫారంలో పేరు, చిరునామా, పని చేసే చోటు నింపి, చివరి పేరా దగ్గర ఆగిపోయాను. పైన చూపిన ఆదాయం నా సొంతమని ఒప్పుకుంటూ అక్కడ సంతకం చేయాలి. పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాను.

అవి పందొమ్మిది వందల అరవైలు. నేను మైసూరు రాష్ట్రం చింతామణిలో, పల్లెలకు కరెంటు లైన్లు వేసే ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్వైజరుగా ఉన్నాను. బెంగళూరులో ఎలక్ట్రికల్ డిప్లొమా ముగించి మూడేళ్ళయింది. ఆ ఏడు జీతం పెరిగింది. పెరిగిన జీతం పన్ను గీత దాటడంతో నోటీసు, దాని వెంట ఈ ఫారం వచ్చాయి.

స్తంభం నిలబెట్టేటప్పుడు గుంత లోతు, స్తంభాన్ని లాగి పట్టే స్టే వైరు బిగువు, తీగను మోసే పింగాణీలో పగులు, అన్నీ కాగితం మీద వరుసగా రాసుకొని ఒక్కొక్కటే చూసి కొట్టేయడం నా అలవాటు. పన్ను మీద నా అభ్యంతరాలనూ అలాగే రాసుకున్నాను. మూడు తేలాయి. ఒకటి, నా కష్టంలో వాటా అడిగే అధికారం సర్కారుకు ఎవరిచ్చారు? రెండు, మా కాంట్రాక్టరు ఎవరి పంపుసెట్లకు లైను లాగుతున్నాడో ఆ రైతుల్లో నాకంటే ఎక్కువ సంపాదించేవాళ్ళను వదిలి నన్నే ఎందుకు పట్టుకున్నారు? మూడు, ఈ ఆదాయం నాదని ఎవరు తేల్చారు?

మా ఆఫీసు హెడ్ గుమాస్తా చింతామణిలోనే పాత వర్తకుల ఇంటివాడు. వాదన అంటే ఆయనకు టిఫిను కంటే ఇష్టం. మధ్యాహ్నం బస్టాండు ఎదురు హోటల్లో నన్ను చూడగానే మొదలుపెట్టేవాడు.

"ఏమప్పా ఇంజనీరూ, సర్కారు మీద నీ దావా యాడిదాకా వచ్చినాది?"

"దావా కాదన్నా, ప్రశ్న. నేను పని చేసినాను. కాంట్రాక్టరు జీతమిచ్చినాడు. నడుమ సర్కారు యాడుండాది?"

"నువ్వు సైకిలు తొక్కే రోడ్డు మీద ఉండాది. నువ్వు చదివిన కాలేజీలో ఉండాది. ఇంకా చెప్పల్లా?"

"ఉండనీ. అవసరం వేరే, అధికారం వేరే. అవసరముంటే గుంజుకోవచ్చు అంటే దొంగకీ అవసరమే."

పక్క బల్ల మీదివాళ్ళు నవ్వారు. గుమాస్తా నవ్వలేదు. మర్నాడు తనకు తెలిసిన వకీలు దగ్గర రాజ్యాంగం పుస్తకం అడిగి తెచ్చి, కాఫీ గ్లాసు పక్కకు జరిపి, నా ముందు తెరిచాడు.

"చదువుకో. గట్టిగా చదువు, వాళ్ళూ విననీ."

చట్టం ఇచ్చిన అధికారంతో తప్ప ఏ పన్నూ వేయకూడదు, వసూలు చేయకూడదు అని అందులో ఉంది. రెండుసార్లు చదివాను. అది నా చేతులు కట్టేసే వాక్యం అనుకున్నాను. చూస్తే సర్కారు చేతులు కట్టేసే వాక్యం. నాకు నచ్చింది. పుస్తకం వెనక ఉన్న పట్టికలో ఆదాయం మీద పన్ను వేసే పని కేంద్రానిదని, వ్యవసాయ ఆదాయం మాత్రం రాష్ట్రాల చేతిలో ఉంటుందని రాసి ఉంది. అంటే నా మొదటి రెండు అభ్యంతరాలకూ జవాబు దొరికినట్టే. అక్కడికక్కడే కొట్టేశాను. రెండోదాన్ని కోపంగా కొట్టేశాను. రాసిపెట్టి ఉందని ఒప్పుకున్నాను గాని, అది న్యాయమని ఒప్పుకోలేదు.

ఆదాయపు పన్నే చట్టవిరుద్ధం అని ఇప్పటికీ బల్ల గుద్దే స్నేహితులు నాకున్నారు. ఆ మాటలో వాళ్ళతో నేను కలవను. వాళ్ళు ఆ పుస్తకం తెరవలేదు. నేను తెరిచాను, ఓడిపోయాను, ఒప్పుకున్నాను. నా పోట్లాట మూడో ప్రశ్న మీద. దాన్ని ఇప్పటికీ వదల్లేదు.

ఎందుకో తెలియాలంటే మా ఇల్లు తెలియాలి. బాగేపల్లికి నాలుగు మైళ్ళ దూరంలో మాది నలుగురు అన్నదమ్ముల ఉమ్మడి కుటుంబం. మా నాయన మూడోవాడు. పెద్దవాడైన పెదనాయనే యజమాని. పద్దెనిమిది మందికి ఒక పొయ్యి. ఏడాదికొకసారి బాగేపల్లి అంగడి నుంచి ఒకే తాను గుడ్డ తెచ్చి మగవాళ్ళందరికీ అందులోనే చొక్కాలు కుట్టిస్తారు. సంతలో మమ్మల్ని దూరం నుంచే గుర్తు పట్టొచ్చు. నేను నెలకొకసారి శనివారం ఇంటికి వెళ్ళి జీతం కవరు విప్పకుండా పెదనాయన చేతికి ఇచ్చేవాణ్ణి. నా రూము బాడుగకు, తిండికి, బస్సుకు కావలసింది ఆయన లెక్కగట్టి ఇచ్చేవాడు. ఇది నా మంచితనం కాదు. మడకతో దున్నినవాడు పంట తనదనడు, గొర్రెలు కాసినవాడు ఉన్ని తనదనడు. నేను కరెంటు లైను వేశాను, అంతే.

మా ఊర్లో రెండు ఇళ్ళు భాగాలు పంచుకొని విడిపోయాయి. రెండుచోట్లా మొదలైంది ఒకేలా. కొడుకు ఎక్కడో ఒక కాగితం మీద ఇది నాది అని సంతకం చేశాడు.

ఆ శనివారం నేను వెళ్ళేసరికి ఇంటి ముందు అందరూ విత్తనానికి చెనిక్కాయలు వలుస్తున్నారు. నేనూ కూర్చొని వలుస్తూ ఫారం సంగతి చెప్పాను. ఆ పేరా తెలుగులో చదివి వినిపించాను. పెదనాయన చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"సొంతమని రాయల్లంటనా?"

"అవును పెదనాయనా."

"అయితే భాగం అడుగుతాండావా?"

"నేను అడగలేదు. ఫారం అడుగుతాది."

"ఫారానికి చెయ్యి ఉండాదా రా? సంతకం పెట్టేది ఎవురు?"

మా నాయన ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కున్నాడు. పెద్దమ్మ మాత్రం, "పిల్లోడు బస్సు దిగి నడుచుకోని వచ్చినాడు, నీళ్ళు తాగనీండి" అంది. పెదనాయన లేచి లోపలికి పోయాడు. ఆ నెల కవరు తీసుకోలేదు. "నీది కదా, నీ దగ్గరే పెట్టుకో" అని లోపలి నుంచే అన్నాడు. నేను కవరు గూట్లో పెట్టి ఆదివారం చింతామణికి తిరిగి వచ్చాను. నా పదిహేడుగురిలో ఒకరికి నా మీద నమ్మకం పోయింది. ఆ ఒక్కరే ఇంటికి మూలస్తంభం.

ఆ వారమంతా గుమాస్తా తెచ్చిన పన్ను చట్టం పుస్తకంలో తల దూర్చాను. హిందూ ఉమ్మడి కుటుంబాన్ని కూడా పన్ను కట్టే ఒక వ్యక్తిగా ఆ చట్టం ఒప్పుకుంటుందని చూసి గంతేశాను.

"దొరికిందన్నా. ఇల్లే ఒక మనిషంట. నా జీతం ఆ మనిషిది."

గుమాస్తా కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "తొందరపడద్దు. నీ జీతం ఇంటిదని ఎట్ల రుజువు చేస్తావు?"

"ఇల్లు నన్ను తయారు చేసింది. అదే రుజువు."

ఫారానికి ఒక జాబితా జత చేశాను. నేను బెంగళూరులో చదివిన మూడేళ్ళు ఇంట్లో ఏమేం ఆగాయో వరుసగా రాశాను. బావి లోతు తీయడం ఆగింది. చిన్నాయన కొడుకు ఎనిమిదో తరగతిలో బడి మానేశాడు, గొర్రెల వెనక పోయే మనిషి లేక. పడమటి గోడ వానకు కూలితే మట్టితోనే మెత్తారు. పెద్దమ్మ రెండేళ్ళు పుట్టింటి పెళ్ళిళ్ళకు పోలేదు, కట్టుకొని పోయే చీర లేక. ఇలా పదకొండు. రూపాయల్లో ఒక్క అంకె కూడా రాయలేదు. సంతకం లేకుండానే ఫారం పంపేశాను.

పన్ను అధికారి చిక్కబళ్ళాపురం ప్రవాసి మందిరంలో, అంటే సర్కారు బంగళాలో, క్యాంపు వేసిన రోజు నన్ను పిలిచారు. నేను బస్సు దిగేసరికి పెదనాయన అక్కడ నిలబడి ఉన్నాడు. నేను ఇంటికి రాసిన కార్డు చూసి బాగేపల్లి బస్సులో ముందే వచ్చాడట. నాతో మాట్లాడలేదు, నా పక్కన నడిచాడు.

అధికారి యాభై ఏళ్ళ మనిషి, మర్యాదస్తుడు. కన్నడంలో మొదలుపెట్టి పెదనాయనను చూసి తెలుగులోకి మారాడు. జాబితా మొత్తం చదివాడు.

"ఈ లెక్క ఇంతవరకు ఎవరూ నాకు ఇవ్వలేదు," అన్నాడు. "కాని దీంతో పనిలేదప్పా. చదువు వల్ల వచ్చిన సంపాదన చదివినవాడిదే. ఎవరి డబ్బుతో చదివినా సరే. దానికి చట్టం వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది."

"ఆ చట్టానికి ముందు?" అని అడిగాను.

"ముందు కోర్టులు వేరేగా చెప్పేవి. ఇంటి సొమ్ముతో గట్టి చదువు చదివితే సంపాదన ఇంటిదే అనేవి."

పెదనాయన అప్పుడు నోరు తెరిచాడు. "అంటే మేము చెప్పేదే ముందు ఉన్నింది. మీరు మార్చినారు."

"నేను కాదు పెద్దాయనా, చట్టసభ."

"ఆ సభలో ఉండేవాళ్ళని చదివించింది ఎవరు స్వామీ? వాళ్ళ ఇండ్లు కాదా?"

గుమ్మం దగ్గర నిలబడిన బంట్రోతు మొహం పక్కకు తిప్పుకున్నాడు. అధికారికి కోపం రాలేదు. "చూడండి, రేపు మీవాడికీ మీకూ చెడిందనుకోండి. వీడి కష్టం వీడికి దక్కేటట్టు కాపాడేది ఆ చట్టమే," అన్నాడు.

పెదనాయన నా వైపు తిరిగాడు. ఇంటి దగ్గర ఆ శనివారం తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది. "నీకు ఆ కాపుదల కావాల్నా రా?"

"వద్దు," అన్నాను. అధికారి వైపు తిరిగి మళ్ళీ అన్నాను. "నాకు వద్దు సార్. రాసుకోండి."

"నువ్వు వద్దన్నా ఉంటుందప్పా. సంతకం పెట్టకపోతే జుల్మానా పడుతుంది, ఆదాయం మాత్రం నీ పేరు మీదే లెక్క కడతాం. చట్టం నిన్ను అడిగి రాలేదు."

పెదనాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"అట్లనా? వీడు పెట్టినా పెట్టకున్నా మీ లెక్కలో అది వీడిదేనా?"

"అంతే."

"అయితే వీడు అడిగింది ఏమీ లేదు. మీరే ఇచ్చినారు." నా భుజం మీద చెయ్యి వేశాడు. "పెట్టు రా. ఇది నీ మాట కాదు, వాళ్ళ మాట. పన్ను మాత్రం ఇల్లు కడతాది."

సంతకం పెట్టాను. దాని కింద, ఈ సంతకం పన్ను కట్టడానికి, జీతం నా సొంతమని ఒప్పుకోవడానికి కాదు అని ఇంగ్లీషులో ఒక వాక్యం రాశాను. దానికి చట్టంలో విలువ లేదని అధికారి చెప్పాడు. తెలుసు అన్నాను. ఆయన కొట్టేయలేదు.

కొన్ని వారాలకు ఎంత కట్టాలో చెప్పే ఉత్తర్వు వచ్చింది. కట్టడానికి చిక్కబళ్ళాపురం ఖజానాకు మేమిద్దరమే వెళ్ళాం. చలాను నా పేరుతో నింపాను. పెదనాయన నడుముకు చుట్టిన సంచి విప్పి, ఆ శనివారం నేను గూట్లో పెట్టిన కవరు అందులోంచి తీసి, దాని సీలు అక్కడే చింపాడు.

కౌంటరు దగ్గరి గుమాస్తా ఇద్దరినీ చూశాడు. "కట్టేది ఎవరు?"

"మేము," అన్నాడు పెదనాయన.

"మేము అంటే?"

"పద్దెనిమిది మందిమి."

అతను మా వెనక తొంగి చూశాడు, మిగతా పదహారు మంది కోసం. ఎవరూ లేకపోయేసరికి చలాను మీద నా సంతకం ఒక్కటే తీసుకొని ముద్ర కొట్టి, ఒక ప్రతి ఇటు తోశాడు. పెదనాయన ఆ కాగితం తీసుకొని నా పెన్ను అడిగాడు. నా సంతకం కింద తెలుగులో, ఒక్కో అక్షరం విడివిడిగా, తన పేరు రాశాడు.

"మీ సంతకం అక్కర్లేదు పెద్దాయనా. అది చెల్లదు," అన్నాడు కౌంటరు గుమాస్తా.

"నీకు చెల్లకుంటే పోనీలే," అన్నాడు పెదనాయన. సిరా ఆరేవరకు కాగితం మీద ఊదుతూ కౌంటరు ముందే నిలబడ్డాడు. వెనక వరుసలో ఉన్నవాళ్ళు ఆగారు.