తిమ్మేశ్ నిలువు ఆఫీసు

కుర్చీ లేని ఉద్యోగస్థులకు బెంగుళూరులో పోటీ పెడితే మొదటి బహుమతి తిమ్మేశ్‌దే. రెండోదీ అతనికే ఇవ్వాల్సి వస్తుంది. ల్యాప్‌టాప్ ఎక్కడుంటే అదే ఆఫీసని చెప్పి కంపెనీ కుర్చీలు ఎత్తేసి ఆరేళ్ళయింది. జయనగర్‌లో నిలబడి తినే హోటల్లో, సాంబారు మరకలున్న రాతిబల్ల మీద దాన్ని తెరుస్తాడు. ఎడమచేతిలో ఒక కప్పును ఇద్దరికి పంచే బై-టూ కాఫీ, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. సరుకు కొనే పార్టీలు ఆర్డర్లు చెప్పే అతని ఆఫీసు నంబరు ఆ ల్యాప్‌టాప్‌లోనే మోగుతుంది. "నమస్కారం, తిమ్మేశ్‌ని" అనే ఆ గొంతు విన్నవాడు, మనిషి ఏసీ గదిలో తోలుకుర్చీలో ఉన్నాడని ఒట్టేసి చెబుతాడు. మోకాళ్ళు ఎప్పుడో రాజీనామా చేశాయనీ, సార్‌ని ఇస్త్రీ ప్యాంటే నిలబెడుతోందనీ హోటలు యజమాని భట్టు అంటుంటాడు.

ఆ సోమవారం పదకొండైనా ఒక్క ఫోనూ రాలేదు.

"ఏం సార్, మీ పార్టీలందరిదీ మౌనవ్రతమా?" అన్నాడు భట్టు.

"నీ వైఫై ఉపవాసముంది గురూ!"

నవ్వాడేగాని తిమ్మేశ్‌కి అనుమానం తీరలేదు. భట్టు సెల్‌ఫోను అడిగి తన నంబరే కొట్టాడు. ల్యాప్‌టాప్ పలకలేదు. అవతల ఎవరో అమ్మాయి ఎత్తింది.

"నమస్కారం, కీర్తనని. తిమ్మేశ్ గారు శుక్రవారంతో మానేశారండీ. ఆయన పార్టీలన్నీ ఇక నేనే చూస్తాను. చెప్పండి సార్."

తిమ్మేశ్ గొంతు సవరించుకున్నాడు. "హాసన్‌లో పంపుసెట్లమ్మే గౌడగారికి మాత్రం మధ్యాహ్నం ఫోన్ చెయ్యకమ్మా. నిద్ర లేపితే ఆర్డరివ్వరు," అని పెట్టేశాడు.

"కలిసిందా సార్?" అన్నాడు భట్టు.

"కలిసింది," అన్నాడు తిమ్మేశ్.