పాకం చూసే చెయ్యి

మా దేవరాపల్లి వైపు బెల్లం వండేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, దేముడు మావ వస్తానంటే రైతులు చెరకు నరకడం ఆపుకుని మరీ ఎదురుచూసేవారు. పాకం ముదిరిందో లేదో చూడాలంటే ఎవరైనా చెయ్యి చన్నీళ్లలో ముంచి, కాస్త పాకం తీసి, ఉండ కట్టి చూస్తారు. మావకి చన్నీళ్లతో పనుండేది కాదు. మరిగే పెనంలోంచి తెడ్డు ఎత్తి, దానికంటిన పాకాన్ని ఉత్త చేత్తోనే తీసి ఉండ చేసేవాడు. మొహం కూడా చిట్లించేవాడు కాదు.

"బంగారం లాంటి సెయ్యి మావా నీది!" అని నేనే అన్నాను. కరోనా వచ్చిన మరుసటి జనవరిలో, గానుగ దగ్గర. మోచేతి కింద పాలిపోయిన మచ్చ కూడా చూశాను. "సెగ తగిలిందే కోడలా" అన్నాడు. సరేనని వేడి బెల్లం తిని వచ్చేశాను.

నేను ఆశా కార్యకర్తను. పేరు లోవలక్ష్మి. స్పర్శ లేని మచ్చ కుష్ఠుకి గుర్తని పదేళ్లుగా ఊరందరికీ చెప్పినదాన్ని. ఏటా ఇంటింటికీ వెళ్లి, మచ్చ కనిపిస్తే పెన్ను మొనతో తాకి "తెలుత్తందా?" అని అడగాలి. ఆ ఏడు పైవాళ్లకి కరోనా జ్వరాల లెక్క తప్ప మరోటి పట్టలేదు. సాయంత్రానికి పంపకపోతే ఫోన్లో తిట్లు. మచ్చల సంగతి అడిగిన నాథుడు లేడు. జనం కూడా నన్ను చూసి తలుపులేసుకునేవారు. అవన్నీ నిజమే. కానీ పంచాయతీ అరుగు మీద కూర్చుని, ఒక్క ఇల్లూ తిరక్కుండా "మచ్చలు లేవు" అని రాసి సంతకం పెట్టింది నేనే. అందులో మావ ఇల్లూ ఉంది.

రెండేళ్లకు అతని కుడిచేతి చివరి రెండు వేళ్లూ ముడుచుకుపోయాయి. అరచెయ్యి కాలి పుండు పడినా అతనికి తెలియలేదు. అప్పుడు అనకాపల్లి ఆస్పత్రికి ఆటోలో తీసుకెళ్లాను. "మందులతో జబ్బు పోతుంది. వేళ్లు మాత్రం మునుపట్లా రావు. ముందే చూడాల్సింది" అన్నారు డాక్టరమ్మ. నేను గోడ మీది పోస్టరు చదువుతున్నట్టు నటించాను.

ఏడాదిపాటు మందులు మింగాడు, జబ్బు తగ్గింది. తెడ్డు మాత్రం ఇంకొకరి చేతికి పోయింది. మొన్న గానుగ దగ్గర మావ పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోస్తూ కనిపించాడు. ఎడమ చేత్తో ఇంత బెల్లం ముక్క నా చేతిలో పెట్టాడు.

"నువ్వే లేకపోతే ఏటైపోదునో కోడలా!"

సిగ్గుతో చచ్చిపోయాను. ఇక దాచుకోలేకపోయాను.

"ఆ యేడు మీ ఇంటికి రాలేదు మావా. రాకుండానే మచ్చల్లేవని రాసీసేను."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. మావ తన ముడుచుకున్న వేళ్లకేసి చూసుకున్నాడు.

"ఇంటికి రాకపోతే ఏటిలే. గానుగ కాడికి వచ్చేవు కదే. సెయ్యి సూసేవు, బంగారమన్నావు. నువ్వు జబ్బులు తెలిసినదానివి కదాని నేనూ నమ్మీసేను."