నీళ్ల కోసమే

ముంబయి కామాఠీపురాలో, వరసగా ఒంటి గదులుండే చాల్‌లో, రెండో అంతస్తు వరండాలో కూర్చుని రుతుజ రోజూ పొద్దున చదువుకుంటుంది. నర్సింగ్ పరీక్షకు ఇంకా నెలే ఉంది. ఒక లైను చదువుతుంది, ఫోను తిప్పి చూస్తుంది, పెన్ను మూత కొరుకుతుంది, మళ్లీ అదే లైను. మొన్న తన మీద తనకే కోపమొచ్చి, నాయనమ్మ రాజవ్వ నడుముకు దోపుకున్న వక్కల సంచిలో ఫోను కుక్కి, "నేను ఏడ్చినా ఇయ్యకు" అంది. ఆ గంటలో పదకొండు పేజీలు చదివింది. లేచి చూసేసరికి నీళ్లొచ్చి, నల్లా ఆగిపోయింది కూడా. నీళ్లొస్తే బిందె మీద కొట్టి కేకేసే రోజులు పోయాయి. ఇప్పుడు చాల్ వాట్సాప్ గ్రూపులో 'పాణీ ఆలం', నీళ్లొచ్చాయి అని మెసేజ్ పెడతారు, అంతే. అందరి డ్రమ్ములూ నిండాయి, వీళ్లది తప్ప.

"నడుము కాడ నాలుగుసార్లు గుర్రుమన్నది. నువ్వే ఇయ్యొద్దంటివి గదనే," అంది రాజవ్వ.

మర్నాటి నుంచి ఫోను మళ్లీ పుస్తకం పక్కకొచ్చింది. రెండు నిమిషాలకోసారి తిప్పి చూస్తుంది. రాజవ్వ తలెత్తితే, "నీళ్ల కోసమే అవ్వా," అంటుంది. నీళ్లొచ్చి పోయాక, నిండిన డ్రమ్ము మూత మీద మోచేతులు ఆనించి ఫోను చూస్తూ కూడా అదే మాట.